1956 నోటర్ డేమ్ ఓటములు: ప్లే-బై-ప్లే షీట్లు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టు 1956లో ఆడిన 10 ఆటల్లో 8 ఓడింది. ఓక్లహోమా చేతిలో 40–0, అయోవా చేతిలో 48–8. అయినా ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతి పాస్ చేసే ఆటగాడు) పాల్ హార్నంగ్‌కే దక్కింది. ఆ సీజన్‌లో అతని టచ్‌డౌన్ పాస్‌లు (స్కోరు తెచ్చినవి) 3, ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసిన పాస్‌లు) 13! ఈ అంకెలు పట్టుకుని అతణ్ణి తీసిపారేయడం అన్యాయం. సబ్‌స్టిట్యూషన్ నిబంధనల వల్ల అప్పట్లో దాడికీ, డిఫెన్స్‌కీ దాదాపు అదే పదకొండుమంది దిగేవాళ్లు. రన్నింగ్‌లో, స్కోరింగ్‌లో కూడా జట్టులో అతనే ముందు.

ఒక్కో ఇంటర్‌సెప్షన్ ఏ డౌన్‌లో (దాడి జట్టుకు దక్కే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోదానిలో) పడింది, అప్పటికి జట్టు ఎన్ని పాయింట్లు వెనకబడి ఉంది? ఆట మొత్తం అంకెలను క్లుప్తంగా ఇచ్చే బాక్స్ స్కోరులో ఇది ఉండదు. పైగా కాలేజీ లెక్కల్లో సాక్‌లో (పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినప్పుడు) పోయిన గజాలను రన్నింగ్‌లోంచి కోసేస్తారు, కాబట్టి అతని రన్నింగ్ సగటునూ నేరుగా వాడలేం. ఆ సీజన్ ప్లే-బై-ప్లే షీట్ల (ఆటలో జరిగిన ప్రతిదాన్నీ వరసగా రాసిన కాగితాల) కోసం యూనివర్సిటీ ఆర్కైవ్స్‌ను ఏ పేరుతో అడగాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.