స్పానిష్‌లో ‘వాజ్’ (was)కి నాలుగు మాటలు: ఏది ఎక్కడ వాడాలి?

గుంటూరు_ఘాటు:
అందరికీ నమస్కారం. గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసులో మెయిళ్లు చూస్తుంటాను. మెక్సికో బయ్యర్‌కి స్పానిష్‌లో రాయాలి. ఇంగ్లీషులో ‘వాజ్’ ఒక్కటే. స్పానిష్‌కి వచ్చేసరికి ఎరా, ఫ్వే, ఎస్తాబా, ఎస్తూవో అని నాలుగు. రేపటి మెయిల్లో ఉండాల్సినవి ఇవీ:
సరుకు మూడు నెలలు కోల్డ్ స్టోరేజీలో ఉంది. మేం చూసినప్పుడు కాయ బాగా ఆరి ఉంది. తనిఖీ యార్డులోనే జరిగింది. సోమవారం కంటైనర్ లోడ్ చేశారు.
సరుకు విషయం కాబట్టి బయ్యర్ వేరేలా అర్థం చేసుకుంటాడేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_టీచర్:
విజయవాడలో స్పానిష్ ట్యూషన్లు చెబుతాను. అమ్మా, ముందు ఆ ఇంగ్లీషు పక్కన పెట్టండి. మీరు తెలుగులో ఉంది, ఆరి ఉంది, జరిగింది, చేశారు అని వేర్వేరుగానే రాశారు. సగం జవాబు అందులోనే ఉంది. ఎరా, ఫ్వే రెండూ ‘సెర్’ అనే క్రియ రూపాలు; ఎస్తాబా, ఎస్తూవో ‘ఎస్తార్’ అనే క్రియవి.

తనిఖీ దగ్గర చాలామంది తడబడతారు. చోటు చెబుతున్నాం కదా అని ‘ఎస్తార్’ పెట్టేస్తారు. వస్తువు ఉన్న చోటుకి ఎస్తార్, కార్యక్రమం జరిగే చోటుకి ‘సెర్’. పెళ్లి తెనాలిలో జరిగింది అంటాం చూడండి, అలా ‘జరిగింది’ అనగలిగితే అక్కడ సెర్. కాబట్టి ‘లా ఇన్‌స్పెక్సియోన్ ఫ్వే ఎన్ ఎల్ మెర్కాదో’.

కోల్డ్ స్టోరేజీకి ‘ఎల్ లోతె ఎస్తూవో త్రెస్ మెసెస్ ఎన్ లా కామరా ఫ్రిగోరీఫికా’. మూడు నెలలని గడువు చెప్పారు, ఆ గడువు ముగిసింది, అందుకే ఎస్తూవో. అదే ‘వాన పడ్డప్పుడు సరుకు లోపలే ఉంది’ అనాలంటే ఎస్తాబా. ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు అన్నది ఆ వాక్యానికి అక్కర్లేదు. కాయ ఆరి ఉండటానికీ ఎస్తాబానే: ‘ఎస్తాబా బియెన్ సెకో’.

కంటైనర్ విషయంలో మాత్రం జాగ్రత్త. ‘ఫ్వే కార్గాదో ఎల్ లూనెస్’ అంటే సోమవారం లోడ్ చేశారని. ‘ఎస్తాబా కార్గాదో’ అంటే సోమవారానికే లోడై ఉందని, ఏ రోజు చేశారో తెలియదని. తేదీల దగ్గర పేచీ వస్తే ఈ తేడాయే పట్టుకుంటారు. ఇంకా సహజంగా ఉండాలంటే ‘ఎల్ కొంతెనెదోర్ సె కార్గో ఎల్ లూనెస్’ అని రాయండి.

ఇఫ్లూ_పాత_విద్యార్థి:
టీచర్ గారు చెప్పింది కరెక్ట్. ఒక్కచోట మాత్రం తెలుగు ఆదుకోదు. రంగూ, ఘాటూ చెప్పేటప్పుడు మనం అన్నిటికీ ‘గా ఉంది’ అనేస్తాం. ఆ రకం గుణమే ఘాటు అయితే ‘ఎరా మూయ్ పికాంతె’. నిన్న తిన్న కూర కారంగా తగిలిందంటే ‘ఎస్తాబా మూయ్ పికాంతె’. తేజ రకం మిర్చి గురించి బయ్యర్‌కి రాసేటప్పుడు మీకు మొదటిదే కావాలి. ఇంకో మాట, మెక్సికోలో మిర్చిని ‘చీలె’ అంటారు. స్పెయిన్ బయ్యర్ దొరికితే ‘గిందీయా’ అనాలి.

గుంటూరు_ఘాటు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. ‘జరిగింది’ కొండగుర్తు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంకో రెండు మిగిలాయి. లాట్‌లో కొంచెం తాలు కాయ ఉంది. రెండు రోజులు హమాలీల సమ్మె ఉంది, అందుకే లేటు. వీటికీ ఇంగ్లీషులో వాజే వస్తుంది, మరి ఇక్కడ ఎస్తాబా కుదురుతుందా?

బెజవాడ_టీచర్:
కుదరదమ్మా. ఫలానాది ‘ఉంది’ అని కొత్తగా చెబుతున్నప్పుడు ‘అబేర్’ అనే వేరే క్రియ రావాలి. అబీయా, ఊబో దాని రూపాలే. లాట్ ఎలా ఉందో వర్ణిస్తున్నారు కాబట్టి తాలు కాయకి ‘అబీయా’. సమ్మె వచ్చింది, రెండు రోజుల్లో ముగిసింది కాబట్టి ‘ఊబో’: ‘ఊబో దోస్ దీయాస్ దె వెల్గా’. ఆలస్యానికి కారణం కూడా అదే కదా, ఆ వాక్యాన్ని మెయిల్లో పైకి తెచ్చి పెట్టండి.