సమస్య: పులిచే మన్రో మడిసియుఁ బుడమిని నేలెన్

నిర్వాహకులు:
అందరికీ నమస్కారం. మన సభ్యులొకరు "మన్రో" అన్న ఒక్క పేరు కింద కొన్ని బొమ్మలు ఒకేచోట పెట్టారు, చూసే ఉంటారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న టిప్పు చెక్క పులి ఒకటి. స్టాఫర్డ్‌షైర్ పింగాణీ బొమ్మ ఒకటి: పులి నోట్లో మనిషి తల, కింద పీట మీద "మన్రో మరణం" అని ఇంగ్లీషు అక్షరాలు. చెన్నైలో గుర్రమెక్కి కూర్చున్న కంచు మన్రో ఇంకొకటి. చివర్లో కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో ఉన్న మన్రో దీవి. అన్నీ వరసగా చూస్తుంటే ఈ పాదం దానంతటదే నోటికొచ్చింది.

పులిచే మన్రో మడిసియుఁ బుడమిని నేలెన్

పులిచేత చచ్చి కూడా మన్రో భూమినేలాడట, అదీ చిక్కు. ముందు మూడు పాదాలు మీరు కట్టి, దీన్ని నాలుగో పాదంగా పెట్టి, అర్థం కుదిరేట్టు కందం పూరించండి. పాదంలో అక్షరం మార్చకండి. పులిని విడగొడతారో, మన్రోను విడగొడతారో మీ ఇష్టం.

గుత్తి కోట:
మా ఊరి దొర మీద సమస్య ఇచ్చి నన్ను ఊరకుండమంటే ఎట్లా? మొదటి పూరణ నాదే.

కలరెందఱొ మన్రో లిట
కులనామ మొకటె, గుణములు కుదురునె యొకటై?
జలధిని నొకఁ డిట నొక్కఁడు
పులిచే మన్రో మడిసియుఁ బుడమిని నేలెన్

సముద్రంలో ఒకడు, ఇక్కడ ఒకడు. మొదటివాడు పులిచేత మడిశాడు, రెండోవాడు పుడమినేలాడు. క్రమాలంకారం. మొదటివాడు హెక్టర్ మన్రో కొడుకు హ్యూ. 1792 డిసెంబరులో బంగాళాఖాతంలోని సాగర్ దీవిలో పులి నోట పడ్డాడు. రెండోవాడు మన థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు (నిజాం ఈస్టిండియా కుంపణీకి ఇచ్చేసిన మన సీమకు) ప్రిన్సిపల్ కలెక్టరు, 1820 నుంచి మద్రాసు గవర్నరు.

పెన్నేటి గట్టు:
అయ్యవారూ, "కులనామ మొకటె, గుణములు కుదురునె యొకటై" పాదం నోట్లోంచి పోవడం లేదు. దీనికే పూలదండ.

పాపఘ్ని:
రెండో పాదం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అయ్యవారూ, "మడిసియు" క్త్వార్థకం, "వచ్చి", "చేసి" లాంటి అసమాపక క్రియ. మడిసినవాడూ ఏలినవాడూ ఒకడే కావాలి. మీ పూరణలో మడిసింది హ్యూ, ఏలింది థామస్. సమస్యలో చిక్కు ఉన్నదే అక్కడ. మీరు ఆ ముడి విప్పకుండా క్రమాలంకారం అని పైన గుడ్డ కప్పారు.

గుత్తి కోట:
వాన పడి చెరువు నిండింది అంటాం. పడింది వాన, నిండింది చెరువు. కర్తలు వేరుగా లేరా అమ్మా? మన సీమలో అందరూ మాట్లాడే మాటే కదా ఇది.

పాపఘ్ని:
వాన పడటం వల్ల చెరువు నిండింది. అక్కడ కార్యకారణ సంబంధం ఉంది కాబట్టి చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. సాగర్ దీవిలో హ్యూ చావడం వల్ల థామస్ అనంతపురంలో కలెక్టరు కాలేదు. వీళ్లిద్దరినీ కలిపేది ఇంటిపేరొక్కటే. ఇంటిపేరు కర్తృత్వం మొయ్యదు. నా పూరణ చూడండి.

కలరా యొక మన్రోఁ గొనెఁ
జలజల నటఁ బత్తికొండ జను లేడ్వంగన్;
బలి యయ్యె నెటు మఱొక్కఁడు?
పులిచే! మన్రో మడిసియుఁ బుడమిని నేలెన్

నిర్వాహకులు:
ఆహా! "పులిచే" దగ్గర ప్రశ్నకు జవాబు అయిపోయింది. మిగిలింది థామస్ ఒక్కడే. మడిసిందీ ఆయనే, జనం మనసుల్లో ఏలిందీ ఆయనే. క్త్వార్థం కుదిరింది, పాదం చెక్కు చెదరలేదు. నేను ఈ విరుపు ఊహించలేదు అక్కా.

హంద్రీ ఒడ్డు:
పత్తికొండను ఆరో గణంలో అంత సులువుగా కూర్చోబెట్టడం చూశారా? "నటఁ బత్తికొండ" చదువుతుంటే ఊరి పేరే కందానికి పుట్టినట్టుంది. మా పత్తికొండ పేరు పద్యంలో చూసి కడుపు నిండింది అక్కా. 1827 జులై 6న ఆయన పోయింది అక్కడే. గవర్నరు పని ముగించుకొని ఇంగ్లండు పోయే ముందు తను పని చేసిన సీమను ఒకసారి చూసి పోదామని వచ్చాడు. ఆయన గుర్తుగా వేసిన తోపు, కట్టిన రాతి మెట్ల బావి గురించి మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు.

గుత్తి కోట:
పోయింది పత్తికొండలో అయినా మట్టి చేసింది గుత్తిలో. కొండ కింద ఆ సమాధుల తోట ఇప్పటికీ ఉంది. 1831లో అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. "పత్తికొండ జను లేడ్వంగన్" అన్నారు గానీ, గుత్తి జనం ఏడవలేదా?

పాపఘ్ని:
గుత్తికి చోటు కావాలంటే మీ పద్యంలోనే పెట్టుకోవాల్సింది అయ్యవారూ. మీ నాలుగు పాదాల్లో మీ ఊరి పేరే లేదు.

పెన్నేటి గట్టు:
నా వంతు.

పలకపై వ్రాసెను బాలుఁడు
తెలియక మఱి యింటిపేరు తికమకపడుచున్
గల రిద్ద ఱనుచు నెఱుఁగక
పులిచే మన్రో మడిసియుఁ బుడమిని నేలెన్

బడిపిల్లవాడు ఇద్దరు మన్రోలను ఒకటి చేసి పలక మీద రాసిన తప్పు వాక్యం ఇది. వాక్యమే తప్పు కాబట్టి క్త్వార్థం గొడవే లేదు.

పాపఘ్ని:
తమ్ముడూ, "పలకపై" దగ్గరే కాలు జారింది. మొదటి గణంలో ఒక మాత్ర ఎక్కువ. "పలకన్ వ్రాసెను" అంటే సరిపోతుంది. "తెలియక" అన్నాక మళ్లీ "ఎఱుఁగక" పునరుక్తి. "మఱి" కూడా చోటు నింపడానికే వచ్చింది.

పెన్నేటి గట్టు:
"ఇంటిపేరు" కందంలో ఇమడ్చడం ఎంత కష్టమో చూడకుండా ఒక్క మాత్ర పట్టుకున్నారక్కా. ఆ మాట సమస్యకు ప్రాణం. మీ ఇద్దరి పూరణల్లో ఆ మాటే లేదు. పోయినసారి మీరు విగ్రహం మీద రాసిన తేటగీతి మరిచిపోయారా? "కాలు మోప రికాబులు కానరావు, గుఱ్ఱ మెక్కిన మన్రోకుఁ గుదురు లేదు" అన్నారు. కింద వచనంలో శిల్పి రికాబులు మరిచిపోయాడు అని కూడా రాశారు.

హంద్రీ ఒడ్డు:
అవును, ఆ మాట నేనూ అప్పుడే అందామనుకున్నా. శిల్పి ఫ్రాన్సిస్ ఛాంట్రీ మరిచిపోయి వదిలెయ్యలేదు. ఆయనే చేసిన నాలుగో జార్జి విగ్రహం లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉంది, అక్కడా రాజుకు రికాబులు లేవు. రెండుసార్లు మరిచిపోతాడా? మద్రాసులో ఆ విగ్రహం 1839లో నిలబెట్టారు. చాలామంది ఆ కథ చెప్పుకుంటూనే ఉన్నారు, అక్క కూడా విన్నదే రాసింది.

పాపఘ్ని:
ఆ తేటగీతి సంగతి ఆ రోజుకు ముగిసింది. "కుదురు లేదు" దగ్గర యతి ఎంత హాయిగా పడిందో ఎవరూ చెప్పరేం?

గుత్తి కోట:
యతి బాగుంది. నేను ఆనాడే చెప్పాను, ఈనాడూ చెబుతున్నా. మాటలో నిజం ఉండాలి అన్నది వేరే విషయం.

ఇంకొక సంగతి. ఆ చెక్క పులి బొమ్మలో పులి కింద పడి ఉన్నవాడు హ్యూ మన్రోనే అని అందరూ అనేస్తున్నారు. పిడి తిప్పితే కింద పడ్డ మనిషి చెయ్యి పైకీ కిందికీ ఆడుతుంది, పులి గుర్రుమంటుంది, మనిషి మూలుగుతాడు. ఒంటి మీద తెల్లదొర వేషం. అంతవరకే బొమ్మ చెబుతుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కుంపణీ చేతికి చిక్కింది. పేరు రాసి ఉన్నది పింగాణీ బొమ్మ మీద. కాబట్టి హ్యూ గురించి పద్యం రాసేవాళ్లు పింగాణీ పులిని తలుచుకుంటే మేలు.

పెన్నేటి గట్టు:
అదీ పాయింటే. అయినా ఆ కుర్రవాడి తండ్రి హెక్టర్ మన్రో టిప్పు తండ్రి హైదరుతో పోరాడినవాడు. 1764లో బక్సర్ గెలిచింది ఆయనే. 1781లో పోర్టోనోవో యుద్ధంలోనూ ఉన్నాడు. కాబట్టే శ్రీరంగపట్నం పులిని చూసిన జనం ఆ ఇంటిపేరుతో ముడిపెట్టారు. ఇంటిపేరు అట్లా తనంతట తానే కథలు కూడగడుతుంది.

నిర్వాహకులు:
కొల్లం దీవి సంగతి ఎవరూ ఎత్తలేదు. అది కల్నల్ జాన్ మన్రో పేరున ఉంది. తిరువాన్కూరులో రెసిడెంటుగా, కొన్నేళ్లు దివానుగా చేసినవాడు. పులికీ పత్తికొండకీ ఆయనకు సంబంధం లేదు. మూడో మన్రోను కూడా పద్యంలోకి లాగినవారికి నా ప్రత్యేక అభినందన ఉంటుంది.

హంద్రీ ఒడ్డు:
నేను మన్రోలను పెంచను, ఒక్కడితోనే సరిపెడతా. కానీ పులిని మారుస్తా.

పలు రైతుల వెత లెఱిఁగిన
కలెక్టరై దత్తసీమఁ గాచిన దొరయే
కలరా యనియెడి మాయల
పులిచే మన్రో మడిసియుఁ బుడమిని నేలెన్

పులి కలరా. మడిసింది థామస్. ఏలింది థామస్. ఇద్దరిని తేవాల్సిన పని లేదు, విరుపు పెట్టాల్సిన పని లేదు.

గుత్తి కోట:
భేష్! "కలెక్టరై" కందంలో పాదం మొదట్లో పెట్టి, ప్రాస కూడా "లె"తో కుదిర్చావా! జగణం సరిగ్గా పడాల్సిన చోటే పడింది. నేను ఇన్నాళ్లూ "కలెక్టరు" కందానికి లొంగదు అనుకుంటూ తేటగీతుల్లో తిప్పుతున్నా. రూపకంతో చిక్కు మొత్తం విడిపోయింది. ఇది ఈ చర్చలో అన్నిటికన్నా సాఫీ పూరణ.

పాపఘ్ని:
సాఫీగా ఉంది, నిజం. అయితే సమస్య పుట్టిందే ఒకే ఇంటిపేరున్న ఇద్దరి బొమ్మల నుంచి. హంద్రీ ఒడ్డు తమ్ముడు ఆ ఇంటిపేరు మాటే లేకుండా తప్పించుకున్నాడు. కలరా నా పద్యంలోనూ ఉంది. దాన్ని పులిగా చేశాడు, ఆ తెలివి మెచ్చుకుంటా.

పెన్నేటి గట్టు:
నాకు "గాచిన దొరయే" దగ్గర అడ్డు తగులుతోంది. సీమ పాలెగాళ్లను అణిచిందీ ఆయనే కదా. వాళ్ల కోటలు కూలగొట్టించాడు, భూములు తీసేసుకొని పింఛన్లు ఇచ్చాడు. 1847లో కోవెలకుంట్లలో ఉరి తీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది కూడా పాలెగాళ్ల వంశమే. మీ కర్నూలు సీమ మనిషే. వాళ్ల ఇంటి నుంచి చూస్తే "గాచిన" అనే మాట వస్తుందా?

హంద్రీ ఒడ్డు:
ఆ ప్రశ్న న్యాయమైనదే. నా పద్యం మొదటి పాదం "పలు రైతుల వెత లెఱిఁగిన". రైతు పక్క నుంచి చెప్పాను. జమీందారు మధ్యలో లేకుండా పట్టా నేరుగా రైతు పేరున ఇచ్చే రైతువారీ పద్ధతి కోసం మద్రాసు రెవెన్యూ బోర్డుతో గట్టిగా వాదించాడు. 1807లో శిస్తు నాలుగో వంతు తగ్గించాలని రాశాడు. గవర్నరు అయ్యాక అమలుకు తెచ్చాడు. ఊళ్లలో మాండవ ఋషి అన్నారు, కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పాలెగాడి ఇంటి పద్యం ఎవరైనా రాస్తే నేను మొదట చదువుతా. నువ్వే రాయి.

గుత్తి కోట:
"మాయల" అన్న విశేషణం ఒక్కటే నీరసంగా ఉంది. కలరా మాయ ఏమిటి? "కలరా యనియెడి దారుణ" అంటే గణం కూడా సరిపోతుంది.

పాపఘ్ని:
"దారుణ పులి"యా? సంస్కృత పదానికి తెలుగు పులిని తగిలిస్తే వైరి సమాసం. అయ్యవారూ, పోయిన ఉగాది పూరణలో నేను "మధుర పాట" అన్నప్పుడు ఇదే మాటతో నన్ను పట్టుకున్నది మీరే.

గుత్తి కోట:
"దారుణ" విశేషణంగా విడిగా నిలుస్తుంది, సమాసం చెయ్యక్కర్లేదు.

పాపఘ్ని:
విడిగా నిలవాలంటే "దారుణమైన" కావాలి. "మధుర"కు మీరు ఇచ్చిన తీర్పే "దారుణ"కు కూడా.

నిర్వాహకులు:
"మాయల" ఉండనివ్వండి. గండి దగ్గర పాపఘ్ని నది మీద బంగారు తోరణం మన్రోకు కనబడిందని, అది కనబడినవాళ్లు ఎక్కువ కాలం బతకరని కడప జిల్లాలో చెప్పుకుంటారు. ఆ కథ తెలిసిన చెవికి "మాయల పులి" కుదిరినట్టే ఉంటుంది. నా మట్టుకు విరుపుకు పాపఘ్ని అక్క పూరణ, ధారకు హంద్రీ ఒడ్డు పూరణ. పెన్నేటి గట్టు "పలకన్" అని సరిచేసి మళ్లీ పెడితే దాన్నీ పైన ఉంచుతాను, "ఇంటిపేరు" తెచ్చింది ఆయనొక్కడే.

పెన్నేటి గట్టు:
పలకన్ వ్రాసెను బాలుఁడు. మిగతా మూడు పాదాలూ అవే. "మఱి" తియ్యను.