అప్‌డేట్: నాలుగు కోట్ల అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఎలా తేల్చారు?

2024 అక్టోబరులో దొరికిన ప్రధాన సంఖ్య (2 ఘాతం 136279841 లోంచి 1 తీసేస్తే వచ్చేది) గురించి పోయిన వారం అడిగాను. 4,10,24,320 అంకెలున్నదాన్ని అన్నిటితో భాగించి చూడలేరు కదా అని. జవాబిచ్చినవాళ్లు, ఇలాంటి (2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే) సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చే లూకాస్-లెహ్మర్ పరీక్షను ముందు చిన్న సంఖ్య మీద చేతితో చేయమన్నారు. చేశాం.

ఆదివారం విజయనగరంలో మా ఇంటి అరుగు మీద మా అమ్మాయీ నేనూ 127తో మొదలుపెట్టాం. ఇది 2 ఘాతం 7 లోంచి 1 తీసేస్తే వస్తుంది. 4ని వర్గం చేసి, 2 తీసేసి, 127తో భాగించి శేషం రాసుకోవాలి. మళ్లీ ఆ శేషంతో అదే పని. ఘాతం కంటే రెండు తక్కువసార్లు (ఇక్కడ ఐదు) చేశాక శేషం సున్నా అయితే ప్రధాన సంఖ్య, లేకపోతే కాదు. 4, 14, 67, 42, 111. ఐదోసారి 12,319 వచ్చింది. అది సరిగ్గా 97 × 127, శేషం సున్నా! పాప ఎగిరి గంతేసింది.

తర్వాత 2047 (2 ఘాతం 11 లోంచి 1 తీసేస్తే వచ్చేది). తొమ్మిదిసార్లు చేశాక 1736 మిగిలింది, అంటే ప్రధాన సంఖ్య కాదు. అది 23 × 89 అని తర్వాత చూసుకున్నాం. కారణాంకాలు తెలియకుండానే కాదని తేలిపోవడం నాకు నిజంగా అద్భుతంగా అనిపించింది. ఆ పెద్దదానికైతే ఇదే వర్గం 13,62,79,839 సార్లు చేయాలి.

4 బదులు 10తోనూ మొదలుపెట్టవచ్చన్నారు. 127కి అదీ చేశాం: 10, 98, 77, 85, 111, సున్నా.