బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే టెస్టులు సిటీ ట్రాఫిక్‌లో చేయొచ్చా, ట్రాక్‌లోనే ఉంచాలా?

అత్తాపూర్ రేడియో:
కార్లలో పెట్టే వీటూఎక్స్ పరికరాల టెస్టింగ్ నా ఉద్యోగం. తెలియనివాళ్ల కోసం: ప్రతి బండీ తను ఎక్కడుంది, ఎంత స్పీడులో పోతోంది, బ్రేక్ పడిందా అన్నది సెకనుకు 10 సార్ల దాకా చుట్టూ కొన్ని వందల మీటర్లలో ఉన్న బండ్లకు రేడియోలో చెబుతుంది, 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర. విన్న బండి ప్రమాదం అనిపిస్తే స్క్రీన్ మీద చూపి, మోగి డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది. సిగ్నల్ స్తంభానికి ఒక పెట్టె బిగిస్తే రెడ్ ఎప్పుడు పడుతుందో అదీ చెబుతుంది. మనకు ట్రాక్ లేక కాదు, ఐఐటీ హైదరాబాద్ కంది క్యాంపస్‌లో 2022లోనే డ్రైవర్ లేని బండ్లను పరీక్షించే తిహాన్ టెస్ట్‌బెడ్ మొదలైంది. కానీ ట్రాక్‌లో పాసయ్యింది కదా అని నేరుగా జనానికి అమ్మేయడం తప్పని నా అభిప్రాయం. ముందు ఊళ్లో, అసలు ట్రాఫిక్‌లో చూడాలి. మీరేమంటారు?

నారాయణగూడ నడక:
నేను ఒప్పుకోను. మా అమ్మకు 68 ఏళ్లు, రోజూ కూరగాయలకు రోడ్డు దాటుతుంది. స్క్రీన్ చెప్పిందాన్ని నమ్మి డ్రైవర్ ముందుకు కదిలితే దెబ్బ తగిలేది ఆమెకు. టెస్ట్ చేసేవాళ్లు కాగితాల మీద సంతకాలు పెట్టుకుంటారు, ఆమెను ఎవరు అడిగారు?

అత్తాపూర్ రేడియో:
మేడమ్, మీ భయం న్యాయమైనదే. కానీ ఒక్క ఉదాహరణ వినండి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు, దాని కిందే మేం పిల్లర్ నంబర్లతో అడ్రసు చెప్పుకునే రోడ్డు. మ్యాప్‌లో పై కారూ కింద కారూ ఒకే చోట ఉన్నట్టు లెక్క. జీపీఎస్ అడ్డంగా చూపే దానికంటే ఎత్తు చూపడంలో ఎక్కువ తప్పుతుంది, పైగా ఫ్లైఓవర్ కింద ఆకాశమే సరిగా కనపడదు. పైన ఎవరో గట్టిగా బ్రేక్ వేస్తే, కింద ఖాళీ రోడ్డు మీద పోయేవాడికి 'ముందు బండి ఆగింది' అని మోగుతుంది, వాడు ఉలిక్కిపడి బ్రేక్ తొక్కితే వెనకాల బైకువాడి సంగతేంటి? ఆర్టీసీ బస్సు మధ్యలో నిలబడినా, మూలమీద నాలుగంతస్తుల బిల్డింగున్నా ఈ రేడియో బాగా బలహీనపడుతుంది. ఇవన్నీ ఖాళీ ట్రాక్ మీద ఎక్కడ బయటపడతాయి?

మలక్‌పేట క్యాబ్:
నేను నడిపే కారులో ఎదురు బండి దగ్గరైతే మోగే సిస్టమ్ ఉంది. రేడియో కాదు, కెమెరాదే. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి అది ఆగకుండా మోగేది, వారం భరించి ఆపేశాను. మీది కూడా అలాగే మోగితే ఎవరూ ఉంచుకోరన్నా. ట్రాక్‌లో తిరిగే ఇంజనీర్‌కు ఆ విసుగు తెలియదు, ఈ ఒక్క విషయంలో నేను మీ వైపే.

యాప్రాల్ బైకు:
అందరూ కార్ల గురించే మాట్లాడుతున్నారు. ఈ రోడ్ల మీద ఎక్కువమందిమి బైకులోళ్లం. నా బండిలో ఏ పెట్టే లేదు, రేపు కూడా ఉండదు. స్క్రీన్ మోగలేదు కాబట్టి పక్కన ఎవరూ లేరని కారువాడు అనుకోవడం మొదలుపెడితే, నేను ఇప్పటికన్నా ఎక్కువ ప్రమాదంలో పడతాను. తప్పుగా మోగితే కనీసం తెలుస్తుంది, మోగకపోతే ఎవరికి తెలుస్తుంది?

అత్తాపూర్ రేడియో:
నిన్నటి నుంచి బైకు అన్న మాటే ఆలోచిస్తున్నాను. ఇందాక నేను మోగిన తప్పుల గురించే చెప్పాను, మోగని తప్పుల్ని వదిలేశాను. అవే పెద్దవి. అందుకే నా మాట కొంచెం మారుస్తున్నా: ఊళ్లోనే టెస్ట్ చేయాలి, కానీ మొదట డ్రైవర్‌కు ఏమీ చూపించకుండా. పరికరం అన్నీ వింటుంది, ఎప్పుడు మోగేదో రాసుకుంటుంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటుంది. న్యూయార్క్‌లో ఇలాంటి పరికరాలతో చేసిన ప్రయోగంలో కూడా మొదట ఇలా మూగగా నడిపాకే డ్రైవర్లకు హెచ్చరికలు వినిపించారు. పొడుగు బిల్డింగుల మధ్య జీపీఎస్ తప్పడం అక్కడా పెద్ద తలనొప్పే అయింది. ఇలాగైతే మేడమ్ వాళ్ల అమ్మగారి దగ్గర ఏ బండీ ఈ రోజు కన్నా వేరేగా నడవదు.

నారాయణగూడ నడక:
మూగగా అయితే నాకు అభ్యంతరం లేదు. మోగించే రోజు వచ్చినప్పుడు మాత్రం ఏ రోడ్డులో, ఎన్ని బండ్లతో చేస్తున్నారో అక్కడ బోర్డు పెట్టాలి, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో అదే బోర్డు మీద ఉండాలి. ఇంకో మాట, నా కారు ఎక్కడెక్కడ తిరిగిందో ఆ స్తంభం పెట్టెలు రాసి పెట్టుకుంటే?

అత్తాపూర్ రేడియో:
బోర్డు సంగతి పూర్తిగా ఒప్పుకుంటున్నా. బండి పంపే గుర్తింపు మారుతూ ఉండేలా తయారు చేస్తారు, అయినా టెస్ట్ అయ్యాక ఆ రికార్డు ఎన్నాళ్లు ఉంచుతారో ముందే రాసివ్వాలి.

యాప్రాల్ బైకు:
సరే అన్నా, నా లెక్క ఎలా తేలుస్తారు? నా బండి రేడియోలో లేదు కదా.

అత్తాపూర్ రేడియో:
కారుకు నాలుగు వైపులా కెమెరాలు పెట్టి. సందులోంచి వచ్చిన ప్రతి బైకునూ వీడియోలో లెక్కపెట్టాలి, వాటిలో ఎన్ని రేడియోకు తెలిశాయో పక్కన రాయాలి. తెలిసినవి సున్నా అయితే సున్నా అనే రాయాలి. ఆ రెండో అంకె లేని రిపోర్టు నా దగ్గరకొస్తే నేను సంతకం పెట్టను.