'అప్ప' అంటే నాయనా, అక్కా?

మొన్న ఈ గుంపులో ఒకరు అడిగారు: "అనంతపురమోళ్లు మాటమాటకూ ఏంప్పా, రాప్పా అంటారు గదా, అది కన్నడం నుంచి తెచ్చుకున్నదేనా?" కింద చాలామంది అవునంటే అవునన్నారు. నాకు మాత్రం ఒప్పబుద్ధి కాలేదు. కన్నడం పక్కనే ఉంది, నిజమే. మడకశిర, రాయదుర్గం వైపు ఒకే ఇంట్లో రెండు భాషలూ వినిపిస్తాయి. అంతమాత్రాన, పక్కింట్లో కూడా అట్లాంటి రోలుంటే మన రోలు అరువు తెచ్చుకున్నదైపోతుందా?

పాత తెలుగు నిఘంటువులు తెరిస్తే 'అప్ప'కు తండ్రి అనీ ఉంటుంది, అక్క అనీ ఉంటుంది. రెండో అర్థం మనం మరిచిపోయామనుకుంటాం గానీ 'అప్పచెల్లెళ్లు' అన్నప్పుడల్లా వాడుతూనే ఉన్నాం. ఉత్తరాంధ్రలో ఇప్పటికీ అక్కను అప్ప అనే పిలుస్తారు. అదే ఉత్తరాంధ్రలో సింహాచలం దేవుడు అప్పన్న. ఆయన పేరు మీదే అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలమ్మ. తమిళంలో, కన్నడంలో అప్ప అంటే నాయన. తుళులోకి పోతే 'అప్పె' అంటే ఏకంగా తల్లి! ఇన్ని ద్రావిడ భాషల్లో ఇంటి పెద్దలను పిలిచే మాటగా ఉన్నదాన్ని ఏ ఒక్కరి సొత్తని రాసిస్తాం? మా అనంతపురం పిల్లోడు విజయనగరం పోయి ఆటో ఆయన్ను "ఏమప్పా, వస్తావా?" అంటే, "నేను నీకు అక్కనా?" అని ఆయన తిరగబడినా తప్పు పట్టలేం.

పేర్ల సంగతి చూడండి. సీమ పల్లెల్లో దేవుడి పేరు తెంచి వెనక అప్ప తగిలిస్తే మనిషి పేరైపోతుంది. తిరుమల దేవుడు తిమ్మప్ప, అహోబిలం దేవుడు ఓబులప్ప, కదిరి నరసింహుడు కదిరప్ప, హంపి విరూపాక్షుడు హంపప్ప. హనుమంతప్ప, నాగప్ప, మారెప్ప, ఆదెప్ప, ముత్యాలప్ప సరేసరి. ఏ ఊరి ఓటర్ల జాబితా తీసినా పాత తరమంతా అప్పలే. ఆడవాళ్లకు ఆ చోట అమ్మ వస్తుంది. కదిరి దగ్గర మర్రిమానుకు పేరిచ్చిన తిమ్మమ్మదీ ఆ తిరుమల తిమ్మప్ప పేరే. ఇప్పుడు బడిలో పేరు రాయించేటప్పుడు మొదట తీసేసేది ఈ తోకనే. నాగప్ప మనవడు నాగేంద్ర, హనుమంతప్ప మనవడు హనుమంత్. అప్ప అంటే మోటు అని ఎవరు చెప్పారో గానీ, గురజాడ అప్పారావుకు లేని మోటుతనం మా నాగప్పకు ఎక్కడి నుంచి వచ్చిందో!

ఇంక మాటమాటకూ వచ్చే ఆ 'ప్పా' సంగతికొస్తా. అనంతపురం బస్టాండులో తెల్లమీసాల పెద్దాయన, తన కొడుకు వయసున్న కండక్టరును అడుగుతాడు: "కళ్యాణదుర్గం బస్సు పోయిందేమప్పా?" వాడు టికెట్ల మిషను నుంచి తల ఎత్తకుండా, "ఇంగా రాలేదప్పా, కూసో" అంటాడు. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ నాయన కాదు. ఎవరూ ఎవరినీ తక్కువ చెయ్యలేదు. ఇక్కడ 'కూసో' అని ఊరికే అంటే కసురుకున్నట్టుంటుంది, 'కూర్చోండి' అంటే ఆఫీసు మాటవుతుంది. 'రా'కూ 'అండీ'కీ నడుమ ఉన్న చోటును ఈ 'ప్పా' పట్టుకుంది. అండీలు పెద్దగా వాడని సీమ మాటల్లో మర్యాద లేదనేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇంకొకటి గమనించండి. ఈ వాడుకలో 'అప్పా' ఒంటరిగా నిలబడదు. ఏమప్పా, లేదప్పా, చూడప్పా, ఓయప్పా. ఎప్పుడూ ఇంకో మాట వెనకాలే నడుస్తుంది. ముందున్న మాట దీర్ఘంతో ఆగితే తన అచ్చును కూడా వదిలేసుకుంటుంది: రాప్పా, పోప్పా, లేప్పా. గొంతును బట్టి రంగూ మారుతుంది. "యాడికి పోయింటివప్పా ఇన్నాళ్లు" అంటే ఆప్యాయత. "ఇంగ చాల్లేప్పా" అంటే విసుగు. "ఏం చెప్తివప్పా!" అనేది మెచ్చుకోలో ఎగతాళో మొహం చూస్తే గానీ తెలీదు.

చిన్నోడిని నాయన పేరుతో పిలవడం వింతేం కాదు. "నాన్నా, తిన్నావా?" అని కొడుకును అడగని తెలుగు ఇల్లుందా? పెద్దరికానికి పిలిచిన పిలుపు పేరై నిలిచిపోవడమూ ఉంది. 7వ శతాబ్దపు తమిళ శైవభక్తుడు తిరునావుక్కరసర్‌ను బాలుడైన సంబంధర్ అప్పా అని పిలిచాడట; లోకానికి ఆయన అప్పర్ అయిపోయాడు. మన దగ్గర తిమ్మరుసు ఉన్నాడు. కృష్ణదేవరాయలు ఆయన్ను అప్పాజీ అనేవాడని జనం చెప్పుకుంటారు. అంత పిలుపు పిలిచి చివరికి కళ్లు పీకించి పెనుకొండలో పెట్టాడనీ ఆ జనమే చెప్పుకుంటారు.

కామెంట్లలో వచ్చినవాటికి ఇక్కడే చెప్తా.

కడప నుంచి రాసినాయన: "మా వైపు ప్పా తక్కువ, ఏం నాయనా, ఏమబ్బీ అంటాం." నిజమే. అయితే అబ్బ కూడా అప్పకు తోడబుట్టినదే, అర్థమూ నాయనే. తిట్టులో వచ్చే 'నీయబ్బ'ను గుర్తు తెచ్చుకుంటే అనుమానం తీరిపోతుంది.

ఆంజనేయస్వామికి పెట్టే అప్పాల గురించి అడిగినవారికి: ఆ దారి వేరు, దీనితో చుట్టరికం కలపొద్దు. అప్పుతో అసలే కలపొద్దు.

ఆడపిల్లలూ ఒకరినొకరు ప్పా అనుకుంటున్నారేమని ఆదోని చెల్లెలు అడిగింది మాత్రం నాకూ ఆసక్తిగా ఉంది. కాలేజీ ఆడపిల్లలు ఒకరినొకరు "ఏంప్పా, నోట్సు ఇయ్యప్పా" అనుకోవడం నేనూ విన్నా. మా చిన్నప్పుడు ఆడవాళ్లకు "ఏమ్మా", "ఏమే" తప్ప ఇది వాడేవాళ్లు కాదు. కర్నూలు, నంద్యాల వైపు కూడా ఇట్లా ఉందా? విన్నవాళ్లు ఎవరు ఎవరితో అన్నారో కూడా రాయండప్పా.