లండన్ సైకిళ్లకు బోరిస్ పేరెందుకు?

ప్రశ్న: రోజూ వాటర్‌లూ స్టేషన్ దగ్గర అద్దె సైకిల్ తీసుకుని ఆఫీసుకు వెళ్తాను. అందరూ ‘బోరిస్ బైక్స్’ అంటారు. నిజంగా ఇది బోరిస్ జాన్సన్ ఆలోచనేనా?

జవాబు: కాదండి. 2007లో పారిస్‌లో వెలిబ్ అనే అద్దె సైకిళ్ల పథకం మొదలైంది. అది చూసి 2008 ఫిబ్రవరిలో అప్పటి లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఈ పథకం ప్రకటించారు. మేలో ఎన్నికల్లో ఓడిపోయారు. 2010 జులై 30న సైకిళ్లు రోడ్డెక్కేసరికి కుర్చీలో బోరిస్ జాన్సన్ ఉన్నారు. పేరు ఆయనకే వచ్చేసింది.

ఇంకో జవాబు: పక్కన పడేయకుండా అమలు చేశారు కదా, అదీ చిన్న పనేం కాదు.

అడిగినవారు: ఒప్పుకుంటాను. కానీ పొద్దున్నే వానలో తడుస్తూ, వ్యాన్‌లోంచి ఒక్కో సైకిల్ దించి ఖాళీ స్టాండ్లు నింపేవాళ్లను చూస్తుంటాను. ఎనిమిదింటికి నాకు సైకిల్ దొరుకుతోందంటే వాళ్ల వల్లేనండి.