చలికాలపు పొగలో చెత్తమంట వాటా తేల్చేదెలా?

నమస్కారమండీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం హైదరాబాద్‌లో మా డాబా మీద పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి ధూళి కణాలు) శాంపిళ్లు తీస్తున్నాను. తెల్లారేసరికి తెల్లటి క్వార్ట్జ్ ఫిల్టరు మసిగుడ్డలా తయారవుతోంది. సందు చివర ఆకులూ ప్లాస్టిక్ కవర్లూ కలిపి తగలబెడతారు, పక్కనే టిఫిన్ బండి కట్టెల పొయ్యి.

ఫిల్టర్లలో లీవోగ్లూకోసాన్ అనే, మంటల ఆనవాలు పట్టించే పదార్థం బాగానే వచ్చింది. కానీ సెల్యులోజ్ (మొక్కల పీచు పదార్థం) ఉన్నది ఏది కాలినా వచ్చేదే కదా; కాలింది కట్టెలా, ఆకులా, చెత్తలోని కాగితమా అన్నది అదొక్కటే చెప్పదు. బండ్ల ఇంజనాయిల్‌కైతే గుర్తుగా హోపేన్లు అనే పదార్థాలున్నాయి, ఆ చిక్కు కొంత తక్కువ. ప్లాస్టిక్ మంటకి 1,3,5-ట్రైఫినైల్‌బెంజీన్ గుర్తంటారు. లీవోగ్లూకోసాన్‌తో దాని నిష్పత్తి చూస్తే చెత్త వాటా విడదీయొచ్చా? చేసినవాళ్లెవరైనా ఉంటే, ఏ సాల్వెంట్‌తో (కరిగించే ద్రవంతో) ఫిల్టరు నుంచి వాటిని తీశారో, ఫిల్టరు ముక్క ఎంత సరిపోయిందో దయచేసి చెప్పండి. పక్కింటి పాప రాత్రంతా దగ్గుతూనే ఉంటోంది, ఈ లెక్క సరిగ్గా తేల్చాలని ఉంది.